పొయ్యి వెలిగిన చోటు

శోభనాద్రికి ఒక జబ్బు ఉంది. ఏ పని చేసినా ముందుగా ఎవరికో ఒకరికి తెలియజేయందే ఆయనకు నిద్ర పట్టదు. రిజిస్ట్రేషన్ శాఖలో సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి కదా, "తమ దయాపూర్వక సమాచారార్థం" అని సర్వీసంతా రాసీ రాసీ ఆ మాట ఒంట్లో ఇంకిపోయింది. పెరట్లో ఎండిపోయిన జామచెట్టు కొట్టించడానికి కూడా అటవీశాఖ వారికి ఉత్తరం రాసుకున్నాడు. వాళ్ళు జవాబివ్వలేదు. జామచెట్టు అలాగే ఎండి నిలబడి ఉంది. దాని కొమ్మల మీద ఆయన భార్య భ్రమరాంబ తడిబట్టలు ఆరేసుకుంటోంది.

రిటైరైన ఊపులో ఆయన పాతరేవు పట్టణంలో ఒక పాత మేడ కొన్నాడు. దొరల కాలంలో ఉప్పు వ్యాపారి ఒకాయన కట్టించుకున్నది. టేకు దూలాలు, గుమ్మాలకు ఇత్తడి పువ్వులు, రంగుటద్దాల కిటికీలు. ఊళ్ళో అప్పటికే పాత ఇళ్ళ పిచ్చి బాగా ముదిరి ఉంది. మొన్నటిదాకా పాత తలుపులు చీల్చి నీళ్ళ పొయ్యిలో పెట్టుకున్న వాళ్ళే ఇప్పుడు వాటి ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. భ్రమరాంబ మాత్రం లిఫ్టున్న అపార్టుమెంటు కావాలంది.

"అపార్టుమెంట్లో ఆత్మ ఉండదోయ్" అన్నాడు శోభనాద్రి.

"ఆత్మ సంగతి తర్వాత. ఈ కొంపలో కుళాయి నీళ్ళు వస్తాయా?" అంది ఆవిడ.

నీళ్ళు బాగానే వచ్చాయి. చిక్కంతా వంటింటి నేలతో వచ్చింది. ఏ తరంలోనో వేయించిన మొజాయిక్ అది, అరిగీ అరిగీ నున్నబడిపోయింది. ఒక మధ్యాహ్నం భ్రమరాంబ అన్నం వారుస్తుంటే కాస్త గంజి కింద ఒలికింది. అడుగు తీసి అడుగు వేసేలోపల ఆవిడ నేల మీద ఉంది. ముందు గదిలో ఇత్తడి పువ్వులకు చింతపండు రాసి తోముకుంటున్న శోభనాద్రికి గిన్నె చప్పుడు మాత్రమే వినిపించింది.

"గిన్నె సొట్టపడిందా?" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

జవాబు రాకపోయేసరికి లేచి వెళ్ళాడు. చీలమండ విరిగి, నొప్పికి నోట మాట రాక, ఆవిడ గోడకు చేరగిలబడి ఉంది. గిన్నె గురించి అడిగిన ఆ మాట తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

కట్టు విప్పిన రోజు డాక్టరు చాలా మందులు రాశాడు గానీ, వాటిలో ముఖ్యమైనది చీటీ మీద లేదు. "అమ్మా, ఎగుడుదిగుడు నేల మీద నడవకండి. నున్నటి నేల మీద అసలు నడవకండి. ఇంకోసారి పడితే ఈ కాలు మీద నిలబడే ఆశ వదులుకోవాల్సిందే" అన్నాడు. శోభనాద్రి అక్కడికక్కడే భార్య చెయ్యి పట్టుకుని, "వంటింట్లో నీకు నచ్చిన నేల వేయిస్తాను. నా మాట నమ్ము" అన్నాడు. ఆవిడ నమ్మింది. ఆ కంఠం విని ఎవరైనా నమ్ముతారు.

టైల్సు దుకాణంలో భ్రమరాంబను చూసిన కుర్రాడు నేరుగా ధగధగలాడే సరుకు దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇది ఇప్పుడు అందరూ వేయిస్తున్నారు మేడమ్. వంగి చూస్తే మీ మొహం కనిపిస్తుంది."

"నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు బాబూ. నా కాలు నిలబడేది చూపించు" అంటూ ఆవిడ చేతి సంచీలోంచి ఒక సీసా తీసింది. సీసాలో గంజి ఉంది. పొద్దున వార్చినది, చల్లారి బాగా చిక్కబడింది. స్టూలు మీద కూర్చుని, ఒక్కో టైలు మీద కాస్త కాస్త పోసి, చెప్పు విడిచి బాగున్న కాలితో రుద్ది చూసింది. చలువరాయి జారింది. చెక్కలా కనిపించేదీ జారింది. 'జారదు' అని రాసి పెట్టినది అన్నిటికన్నా ముందు జారింది. దుకాణం నేలంతా గంజి మయమై, ఇంకో బేరానికొచ్చిన పెద్దమనిషి కౌంటరు పట్టుకుని ఆగిపోయాడు. చివరికి వెనక గోడవారన దుమ్ముకొట్టుకుని ఉన్న బూడిదరంగు గరుకు టైలు మీద ఆవిడ పాదం అతుక్కున్నట్టు ఆగింది.

"అది కారు షెడ్లకి వేస్తారు మేడమ్" అన్నాడు కుర్రాడు నీరసంగా.

"కారు జారకూడదు గానీ నేను జారొచ్చా? ఇదే ఇవ్వు."

టైల్సు ఇంటికొచ్చాయి. పైడియ్య మేస్త్రి వచ్చి కొలతలు తీసుకుని సోమవారం నుంచి పని మొదలన్నాడు. భ్రమరాంబ తేలిగ్గా ఊపిరి తీసుకుంది. అప్పుడు తిరగబెట్టింది శోభనాద్రి జబ్బు.

"మండలి వారికి ఒక్కమాట తెలియజేస్తే బాగుంటుందేమో" అన్నాడు.

మండలి అంటే పాతరేవు పురాతన గృహ సంరక్షణ మండలి. ఊళ్ళో పాత ఇళ్ళ పిచ్చి ముదిరిన ఏడాదే పుట్టింది. పుట్టిన వెంటనే పాత ఇళ్ళన్నిటి గేట్లకూ నీలం రేకులు కొట్టింది. రేకు మీద పైన 'ఇది పురాతన గృహము' అనీ, కింద 'నియమమునకు మినహాయింపు లేదు' అనీ రాసి ఉంటుంది. శోభనాద్రి రోజూ పొద్దున్నే ఆ రేకు తుడుస్తాడు.

"మీ ఇంట్లో మీ వంటిల్లు, మజ్జెన వాళ్ళెవరండి బాబూ?" అన్నాడు పైడియ్య. "ఈ ఈదిలో అందరిళ్ళల్లోనీ గ్రానైటు ఏసింది నేనే. ఎవులికీ సెప్పలేదు, ఎవులూ అడగలేదు."

"అడిగాక చెప్పడం గొప్ప కాదు మేస్త్రీ. అడక్కముందే చెప్పడం మర్యాద" అని శోభనాద్రి కాయితం తీశాడు. భ్రమరాంబ కుర్చీలోంచే చూసింది. కాలు బాగున్న రోజుల్లో అయితే ఆ కాయితం లాక్కునేది.

ఆ మండలికి పుట్టిన నాటి నుంచీ వచ్చిన మొదటి ఉత్తరం అదే. వీధిలో ఎవరూ ఏదీ తెలియజేయకపోవడం వల్ల అక్కడి అధికారులు చేతులు ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ఉత్తరం అందిన మర్నాడే జీపు నిండా మనుషులు దిగారు. ముందు దిగినవాడు వామనమూర్తి, నేలల విభాగానికి అసిస్టెంట్ డైరెక్టరు. మెడలో భూతద్దం వేలాడేసుకున్న ఆ పొట్టి మనిషి మంచినీళ్ళు అడగాలన్నా "కించిత్ జలము లభ్యమగునా?" అనే రకం.

వామనమూర్తి వంటింట్లో మోకాళ్ళ మీద కూర్చుని, మొజాయిక్‌ను వేళ్ళతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది మూలనేల కాదు" అన్నాడు. "పురాతన గృహమున వంటగది నేల మార్పునకు పూర్వము మూలనేల నిర్ధారణ జరుగవలెను. మూలనేల యేదియో అదియే పునఃస్థాపింపబడవలెను. అంతవరకు మీ మేస్త్రి తాపీ ముట్టరాదు."

"మూలనేలంటే జారుతుందా, జారదా?" అని అడిగింది భ్రమరాంబ, గుమ్మంలో కర్ర ఊతంగా నిలబడి.

"అమ్మా, జారుట అనునది నడచువారికి సంబంధించిన విషయము. మాది నేలకు సంబంధించిన విభాగము."

గునపాలు దిగాయి. మొజాయిక్ కింద ఎర్ర గచ్చు బయటపడింది. వామనమూర్తి దాన్ని మూలనేలగా ప్రకటించి ఇంకా సంతకం పెట్టకముందే, ఒక కూలి గునపం కాస్త లోతుకు దిగి, ఎర్ర గచ్చు కింద నాపరాళ్ళు కనిపించాయి. నాపరాళ్ళ కింద సున్నపు గచ్చు. దాని కింద పేడతో అలికిన మట్టినేల, ఎప్పటిదో ముగ్గు మరక ఇంకా కనిపిస్తూ. నేల నేలకీ మండలిలో ఒక నిపుణుడు ఉన్నాడు. తవ్వకానికి వస్తే భత్యం కూడా ఉంది. అందువల్ల అందరూ వచ్చారు. ఎర్ర గచ్చు నిపుణుడు తన నేలకు మించిన నేల లేదని వాదించాడు. నాపరాళ్ళ నిపుణుడు ఆయనతో మాట్లాడ్డం మానేశాడు. అలుకుడు నేల నిపుణుడికి మట్టిలో ఒక చింతగింజ దొరికింది. దాన్ని దూది పెట్టె‌లో పెట్టి, 'ఆ కాలమున పులుపు వినియోగమునకు ఆధారము' అని చీటీ అంటించాడు.

నిజం చెప్పాలంటే శోభనాద్రికి మొదట్లో ఇదంతా భలే సరదాగా ఉంది. వచ్చిన వాళ్ళందరికీ కాఫీలు ఇప్పించాడు.

"ఏమోయ్, మన వంటింట్లో ఇంత చరిత్ర ఉందని ఎప్పుడైనా అనుకున్నామా?"

"చరిత్ర మీకు కనిపిస్తోంది. నాకు గొయ్యి కనిపిస్తోంది" అంది భ్రమరాంబ.

విషయం మండలి అధ్యక్షులు డాక్టర్ హయగ్రీవం గారి దాకా వెళ్ళింది. ఎవరినీ నొప్పించకుండా పైకొచ్చిన మనిషాయన. నిపుణులందరినీ సంతోషపెట్టే తీర్పు ఇచ్చాడు. అన్ని కాలాలకూ సమాన గౌరవం ఉండాలి కనుక ఏ నేలనూ తీసేయకూడదు, ఏ నేలనూ కప్పకూడదు. వంటగదిలో ఒక్కో నేలకు ఒక్కో పట్టీ చొప్పున వదిలి, దేని ఎత్తులో దాన్ని ఉంచాలి. కుళాయి దగ్గర మొజాయిక్, అక్కణ్ణుంచి ఒక మెట్టు దిగితే ఎర్ర గచ్చు, ఇంకో మెట్టు దిగితే నాపరాళ్ళు, అలా దిగుతూ పోతే అడుగున మట్టినేల. దాని మీద పొయ్యి.

వామనమూర్తి ఆ తీర్పు ప్రకారం గీయించిన పటాన్ని బల్ల మీద పరిచి చూపిస్తుంటే భ్రమరాంబ అందులో మెట్లు వేలితో లెక్కపెట్టింది.

"అంటే నేను నీళ్ళ బిందె పట్టుకుని మెట్లు దిగి వెళ్ళి అన్నం వండి, గంజి గిన్నె పట్టుకుని మెట్లెక్కి రావాలా? ఈ కాలితో?"

"దిగునపుడు గతములోనికి పయనించుచున్నట్లును, ఎక్కునపుడు వర్తమానమునకు వచ్చుచున్నట్లును అనుభూతి కలుగును" అన్నాడు వామనమూర్తి. "పటమునకు తుది ఆమోదము లభించు పర్యంతము యథాతథ స్థితి కొనసాగవలెను."

"అందాకా వంట ఎక్కడ చేసుకోమంటారండీ?" అన్నాడు శోభనాద్రి. ఆయన గొంతులో సరదా తగ్గింది.

"వంట మా పరిధిలోనికి రాదు. నేల మాత్రమే."

సరే, గ్యాస్ స్టవ్ వెనక వసారాలోకి మారింది. భ్రమరాంబ కుర్చీలో కూర్చుని చెబుతుంటే శోభనాద్రి పప్పు పెట్టడం నేర్చుకున్నాడు. మొదటి రెండు పూటలూ బాగానే గడిచాయి. మూడో పూట ఆయన చెయ్యి ఊరుకోలేదు. 'తాత్కాలికంగా వంట వసారాలో చేసుకుంటున్నామని తమ దయాపూర్వక సమాచారార్థం' అని రాసి పంపించాడు.

జీపు వచ్చింది. వామనమూర్తి నియమావళి తెరిచి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "వంటగది అనగా పొయ్యి వెలిగిన చోటు. గోడలతో నిమిత్తము లేదు. కావున ఈ వసారా ఇపుడు వంటగది. ఒక గృహమునకు ఒకే వంటగది ఉండును గనుక లోపలిది ఇక వట్టి గది."

శోభనాద్రి మొహం విప్పారింది. "అయితే లోపలి గదిలో టైల్సు వేయించుకోవచ్చా?"

"వేయించుకొనవచ్చును. కాని అందులో మరల పొయ్యి వెలిగినచో మరల వంటగదియే. తవ్వకము మరల మొదలగును."

వసారా తవ్వారు. వసారాలో నడవడానికి వీల్లేక స్టవ్ హాల్లోకి వచ్చింది. ఈసారి భ్రమరాంబ ఇంట్లో ఉన్న కాయితాలన్నీ, కలాలన్నీ తన తలగడ కింద పెట్టుకుంది. కానీ తవ్వకం కూలీలు పెరట్లోనే ఉన్నారు. సాంబారులో ఇంగువ పోపు పడగానే వామనమూర్తి ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ హాల్లోకి వచ్చాడు. హాలు తవ్వారు. ఇత్తడి పువ్వులున్న గుమ్మం పునాదితో సహా బయటపడి, పళ్ళూడిన నోరులా నిలబడింది.

శోభనాద్రి బుర్రకు పదును పెట్టి, మేడ మీది గదిలో కరెంటు పొయ్యి పెట్టాడు.

"ఇందులో మంట లేదండీ. నిప్పు లేదు, పొగ లేదు. ఇది వెలగడం ఎలా అవుతుంది?"

వామనమూర్తి వంగి చూశాడు. పొయ్యి అంచున మిణుకుమిణుకుమంటూ ఒక ఎర్ర దీపం కనిపించింది. "అదిగో, వెలుగుచున్నది" అన్నాడు తృప్తిగా. ఇలాంటి సందేహం మరొకరికి రాకూడదని మండలి చేత అప్పటికప్పుడు వివరణ కూడా ఇప్పించాడు. నిప్పు లేకున్నను, ఆహార పదార్థము ఉష్ణముచే రూపాంతరము చెందినచో అది వంటయే. అది జరిగిన చోటు వంటగదియే.

మేడ మీది గదికి మూలనేల కావాలంటే మట్టి వచ్చేదాకా తవ్వాలి. తవ్వుకుంటూ పోతే దూలాల మధ్య నుంచి కింద హాలూ, హాల్లో సోఫా కనిపించాయి. వామనమూర్తి కన్నంలోంచి తొంగిచూసి, 'సోఫా మూలనేల కాదు' అని రాసుకున్నాడు.

ఇల్లంతా గోతులైంది. ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్ళడానికి పైడియ్య దయతలచి చెక్కలు వేశాడు. ఒక ఉదయం శోభనాద్రి పళ్ళు తోముకుని వచ్చేసరికి భ్రమరాంబ ఆ చెక్క మీద ఉంది. కర్ర ఒక చేత్తో, గోడ ఒక చేత్తో పట్టుకుని, కింద గోతిలోకి చూడకుండా, పెదవి కొరుక్కుంటూ అంగుళం అంగుళం నడుస్తోంది. స్నానాలగదికి వెళ్ళి వస్తోంది, అంతే. ఆ మాత్రానికే ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. ఇవతలి ఒడ్డుకు చేరాక కర్ర గోడకు ఆనించి, కొంగుతో మొహం తుడుచుకుంది. తిట్టినా బాగుండేది.

"పద, మీ తమ్ముడి ఇంటికి వెళ్ళిపోదాం. ఈ ఇల్లు నాకొద్దు" అన్నాడు శోభనాద్రి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎందుకు వెళ్ళాలి? నాకు నచ్చిన నేల వేయిస్తానన్నారు. టైల్సు నేనే ఎంచుకున్నాను. వాటి మీద నిలబడి ఒక్కరోజైనా అన్నం వార్చుకుంటాను" అంది ఆవిడ.

అదే వారం మండలి నుంచి పిలుపు వచ్చింది. పదేపదే వంటగదిని తరలిస్తూ మండలి వారికి శ్రమ కలిగిస్తున్నందుకు దంపతులు ఇద్దరూ అధ్యక్షుల సమక్షంలో విచారణకు హాజరు కావాలట. భ్రమరాంబ నొప్పి మాత్రలు కడుపుకి ఏదైనా తిన్నాకే వేసుకోవాల్సినవి. ఇంట్లో వండుకునే చోటంటూ మిగల్లేదు. అందుకని ఆవిడ సంచీలో కరెంటు పొయ్యి, మూకుడు, రవ్వ, పోపు డబ్బా, ఉల్లిపాయలు సర్దుకుంది. శోభనాద్రి సంచీ మోశాడు.

మండలి కార్యాలయం దొరలు కట్టిన పాత కస్టమ్సు బంగళాలో ఉంది. గోడలు పాతవే గానీ నేల మాత్రం విదేశీ చలువరాయి. పాలమీగడ రంగులో, పైకప్పు దీపాలు కింద కూడా కనిపించేటంత నునుపుగా మెరిసిపోతోంది. హయగ్రీవం గారు పదవిలోకి రాగానే వేయించుకున్నది. ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది, అనుమతి ఇచ్చేవాడు ఆయనే గనుక. గుమ్మం దాటగానే భ్రమరాంబ కర్ర సర్రున జారింది. శోభనాద్రి సంచీ వదిలేసి ఆవిడ నడుము పట్టుకున్నాడు. మూకుడు పెద్ద చప్పుడుతో దొర్లుకుంటూ పోయింది. ఈసారి ఆయన మూకుడు వైపు కన్నెత్తి చూడలేదు.

"కాలికేమైనా అయిందా? ఏమోయ్, కాలు బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ముందు మీరు గట్టిగా ఊపిరి పీల్చుకోండి" అంది భ్రమరాంబ. ఆవిణ్ణి కుర్చీ దాకా నడిపించాకే ఆయన నడుము వదిలాడు.

విచారణ పొద్దున్నే అన్నారు. హయగ్రీవం గారు మధ్యాహ్నమైనా రాలేదు. మాత్రల వేళ మించిపోతోంది. భ్రమరాంబ అధ్యక్షుల గదిలోనే గోడకున్న ప్లగ్గు చూసుకుని, కుర్చీ అక్కడికి జరిపించుకుని, పొయ్యి పెట్టింది. ఆవాలు చిటపటలాడాయి. జీడిపప్పు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు ఒకదాని తర్వాత ఒకటి వేగాయి. ఆ వాసనకు ఫైళ్ళలో తలదూర్చిన వాళ్ళందరూ తలలెత్తారు. రవ్వ ఉడుకుతుండగా హయగ్రీవం గారు వచ్చారు. ఆకలి మీద ఉన్న మనిషి. తన గదిలో వంట ఏమిటని అడగబోయి, "జీడిపప్పు కూడా వేశారా?" అని అడిగారు. కాసేపటికి అధ్యక్షులు, నిపుణులు, వామనమూర్తి, అందరి చేతుల్లోనూ ఉప్మా ప్లేట్లు ఉన్నాయి.

భ్రమరాంబ తిని, మాత్ర వేసుకుంది. అప్పుడు శోభనాద్రి లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, తమ దయాపూర్వక సమాచారార్థం ఒక విషయం తెలియజేసుకుంటున్నాను. ఈ గదిలో పొయ్యి వెలిగింది."

ఆ మాట ఆయన కావాలని అన్నాడో, అలవాటు కొద్దీ అన్నాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది. వామనమూర్తి ప్లేటు పక్కన పెట్టాడు. ఆయన చూపు పొయ్యి అంచున ఎర్ర దీపం మీద పడింది. అక్కణ్ణుంచి చలువరాయి మీదికి దిగింది. చెయ్యి తనంతట తాను మెడలోని భూతద్దం మీదికి వెళ్ళింది.

"ఇది మూలనేల కాదు" అన్నాడు నెమ్మదిగా.

"ఏమిటయ్యా నువ్వనేది? ఇది నా ఆఫీసు!" అన్నారు హయగ్రీవం గారు. జీవితంలో మొదటిసారి ఆయన ఒకరి మీద గొంతు పెంచారు.

"గోడలతో నిమిత్తము లేదు, అధ్యక్షా. పొయ్యి వెలిగిన చోటు వంటగది. నియమమునకు మినహాయింపు లేదు. ఈ వాక్యము తమరే రచించి రేకుల మీద కొట్టించితిరి."

"ఉప్మా వంట ఎలా అవుతుంది? అది ఫలహారం! ఏకాదశి నాడు మా ఇంట్లో ఒంటిపొద్దు ఉన్నవాళ్ళు కూడా ఉప్మా తింటారు. వంటయితే తింటారా?"

నిపుణులు ఆలోచనలో పడ్డారు. గట్టి పాయింటే. అందరి ఇళ్ళలోనూ ఏకాదశికి ఉప్మానే.

"రవ్వ ఉష్ణముచే రూపాంతరము చెందినదా, లేదా?" అన్నాడు వామనమూర్తి. "తమరు భుజించుచున్నది పచ్చి రవ్వయా?"

హయగ్రీవం గారి నోటినిండా ఉప్మా ఉంది. ఉమ్మేస్తే మర్యాద కాదు, మింగితే ఒప్పుకున్నట్టు. కాసేపు బుగ్గలో పెట్టుకుని అటూ ఇటూ చూశారు. ఎవరూ సాయం రాలేదు. ఎర్ర గచ్చు నిపుణుడు అప్పటికే బల్ల జరుపుతున్నాడు. నాపరాళ్ళ నిపుణుడు చాలా రోజుల తర్వాత ఆయనతో మాట్లాడాడు. "నువ్వు ఆ మూల పట్టు" అన్నాడు. భత్యం వచ్చే తవ్వకం అంత దగ్గర్లో దొరకడం వాళ్ళకు ఎప్పుడూ జరగలేదు. హయగ్రీవం గారు మింగేశారు.

శోభనాద్రి ఇంకా చేతులు కట్టుకునే ఉన్నాడు. "అయ్యా, ఇంకొక్క విన్నపం. మా పొయ్యి ఇక్కడ వెలిగింది గనుక మా వంటగది ఇప్పుడు ఇక్కడున్నట్టేనా?"

"నిస్సందేహముగా."

"ఒక గృహానికి ఒకటే వంటగది గనుక, మా ఇంట్లో వంటగది లేనట్టేనా?"

"లేనట్లే."

"ఆ ముక్క రాసిస్తే తీసుకుంటాను."

ఇన్నాళ్ళూ తన చేత ఎందరికో ఉత్తరాలు రాయించిన జబ్బు, ఆ ఒక్కరోజు ఆయనకు పనికొచ్చింది. 'పై గృహమున వంటగది అనునది లేదు. కావున నేలల విభాగమునకు అట యేవిధమైన పనియు లేదు' అని వామనమూర్తి స్వహస్తంతో రాసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. వెనక చలువరాయి మీద మొదటి గునపం దెబ్బ పడుతుండగా భార్యాభర్తలు ఆటో ఎక్కారు. కరెంటు పొయ్యిని మండలి వారు ఆధారంగా అక్కడే ఉంచుకున్నారు. భ్రమరాంబ మూకుడు మాత్రం తెచ్చుకుంది.

మర్నాడే పైడియ్య దిగాడు. గోతులన్నీ పూడ్చి, హాలూ వసారా చదును చేసి, మేడ మీది కన్నం మూసి, ఒకప్పుడు వంటగది అయిన ఆ వట్టి గదిలో బూడిదరంగు గరుకు టైల్సు పరిచాడు. కార్లకు వేసే టైల్సు వంటింట్లో వేయడం అతనికి కొత్త. వేసినంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. సిమెంటు ఆరాక భ్రమరాంబ కర్ర గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చింది. స్టవ్ వెలిగించి ఎసరు పెట్టింది. అన్నం ఉడికాక వార్చింది. వార్చడం అయిపోయాక, గిన్నెలోంచి కాస్త గంజి కావాలనే కింద ఒలకబోసి, దాని మీద విరిగి అతుక్కున్న కాలు మోపి, బరువంతా దాని మీదే వేసి నిలబడింది.

కాలు కదల్లేదు.

గుమ్మంలో నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తున్న శోభనాద్రికి ఏడుపొచ్చినంత పనైంది. కాసేపటికి ఆయన చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్ళింది. కలం తీశాడు. కాయితం తీశాడు. 'తమ దయాపూర్వక' దాకా రాశాడు. భ్రమరాంబ గరిటె పట్టుకుని ఆయనవంక చూసింది. ఆయన ఆ కాయితాన్ని మడతలు పెట్టి, వేడి గిన్నె కింద మసిగుడ్డలా వేశాడు. తన జీవితంలో మొదటిసారి, ఒక పొయ్యి వెలిగిందన్న సంగతి శోభనాద్రి ఎవరికీ తెలియజేయలేదు.

తెలియజేసినా చదివే తీరిక అక్కడెవరికీ లేదు. మండలి కార్యాలయంలో చలువరాయి పోయి, కింద ఉన్నవన్నీ పోయి, మట్టి బయటపడింది. నిపుణులు దాన్నే మూలనేలగా నిర్ధారించారు. రోజూ తెల్లారే పేడతో అలికించి ముగ్గు వేయిస్తున్నారట. ఫైళ్ళు దండెం మీద వేలాడదీశారట. ఒకరోజు కాఫీ తాగుతూ శోభనాద్రి పేపరు చదివి వినిపించాడు. తడి ఆరని నేల మీద కాలు జారి డాక్టర్ హయగ్రీవం గారి చీలమండ విరిగిందట.

"అయ్యో పాపం" అంది భ్రమరాంబ. ఆ నొప్పి ఎలాంటిదో ఆవిడకు తెలుసు గనుక నిజంగానే అంది. "మన టైల్సు ఇంకా కొన్ని మిగిలాయి కదండీ. పంపిస్తే వేయించుకుంటారేమో."

శోభనాద్రి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"పంపిస్తాను గానీ, ముందు వాళ్ళు మండలి అనుమతి తెచ్చుకోవాలి కదోయ్."